అనసూర్య నేర్పిన వీడ్కోలు

"మోరియామ ప్రాణాలతో జపాన్ చేరాలి. అదే నీ అసైన్‌మెంట్," అన్నాడు చీఫ్ సారంగపాణి.

అది 1978. రాడార్ రహస్యాన్ని మన దేశానికి అందించిన ఇంజనీరు మోరియామ, తిరుగు ప్రయాణానికి ముందు ధర్మసాగర్ జలాశయం చూడవస్తున్నాడు. ఆయన కోసం ఒక విదేశీ ముఠా పొంచి ఉంది. ఏజెంట్ వీరభద్రం దుబాసీ వేషంలో వెంట ఉండాలి. అతనికి మూడు నెలలుగా జపనీస్ నేర్పుతున్నది కాశిబుగ్గ నేతగాని బిడ్డ అనసూర్య. కోబేలో నాలుగేళ్లుండి వచ్చిన అపురూప సౌందర్యవతి. ముఠాలో చేరి, దాని గుట్టు చీఫ్‌కు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. మిషన్ ముగియగానే ఆమెను పెళ్లాడాలని వీరభద్రం నిశ్చయించుకున్నాడు.

"ఇంట్లకెళ్లి బయిటికి పోయేటప్పుడు 'ఇత్తె కిమాసు' అనాలె సారూ," అని మొదటిరోజే చెప్పింది. "మన 'పోయొస్త' అసొంటిదే. ఉత్తగ 'పోతాన' అంటే మా అవ్వ వెనక్కి పిలిచి కూసోపెడ్తది!"

"మరి సాయొనారా?"

"మాపటికి తిరిగొచ్చేటోళ్లు ఇంటోళ్లతోని అది అనరు. మళ్ల ఎప్పుడు చూస్తమో ఎరుకలేనప్పుడే."

పాఠం ముగిశాక ఆమె రోజూ "ఇత్తె కిమాసు" అనే వెళ్లేది. తన అద్దెగది ఆమెకు ఇల్లయిందని అతడు మురిసిపోయేవాడు.

మోరియామ వచ్చిననాడు జలాశయం కట్టమీద ఆమె పట్టుగుడ్డ చుట్టిన పెట్టె అతని చేతిలో పెట్టింది.

"కానుక. ఆయన కారెక్కినంక ఇయ్యి. నేను ముందుగాల పోయి వంట జేస్త." జీపు దగ్గర వెనుదిరిగింది. "సాయొనారా, సారూ."

జీపు కదిలింది. వీరభద్రం చేతిలోని పెట్టెవైపు చూశాడు. వంట చేస్తానన్న మనిషికి ఆ మాటతో పనేమిటి? మంత్రంలో అక్షరం తప్పని పురోహితుడిలా, ఆమె ఏ మాట వాడుకలోనూ ఏనాడూ తప్పలేదు!

పెట్టెను చెవికి ఆనించాడు. టిక్... టిక్...

మోరియామ కారు డోరు తెరుస్తున్నాడు. వీరభద్రం పెట్టెను శక్తికొద్దీ నీటిలోకి విసిరాడు. మరుక్షణం తాడెత్తున నీళ్లు లేచాయి.

కాజీపేట స్టేషనులో, బండి కదలబోతుండగా ఆమె చేతులకు బేడీలు వేశాడు.

"నోరు జారిందా?"

"లే. అందరికీ అబద్ధాలే చెప్పిన," అంది అనసూర్య, కన్నీరు తుడుచుకోకుండానే. "నీకు మాత్రం పోయొస్తనని మాటిచ్చి చంపబుద్ధి గాలె."

బేడీల తాళంచెవి అతని గుప్పిట్లో ఉంది. దానిని కానిస్టేబుల్‌కిచ్చి ముఖం తిప్పుకొన్నాడు.

వారం గడిచింది.

"శభాష్! ఇక రష్యన్ నేర్చుకోవాలి. టీచర్‌ను చూశాను," అన్నాడు చీఫ్.

వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "అరవై దాటిన మాస్టారైతేనే వస్తాను సార్."