ఆ ఇంటి పెద్దోడు

తెల్లారగానే ఆ ఇంట్లో వినిపించే మొదటి మాట ఒకటే. "పెద్దోడు లేచాడా?"

లేచాడు. మొహం కడుక్కున్నాడు. జడ కూడా వేసుకున్నాడు. ఎందుకంటే ఆ పెద్దోడు ఆడపిల్ల.

సోఫాలు కుట్టే తండ్రి నడుం విరిగి మంచాన పడ్డప్పుడు, "నాలుగు రోజులు కొట్లో కూర్చో తల్లీ" అని తొమ్మిదో తరగతి పిల్లని బడి మాన్పించి పంపించారు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. మొదట్లో తల్లి ఆమెని వాటేసుకుని ఏడ్చి, "నువ్వు కూతురివి కాదే, నా పెద్దకొడుకువి" అంది. ముద్దుగా పుట్టిన ఆ మాట ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పెద్దోడు వచ్చాడు, పెద్దోడు తిన్నాడు, పెద్దోడికి కొత్త బట్టలెందుకు. అలా పిలిస్తే ఆమె మురిసిపోయేది కూడా.

ఆ ఉదయం ఆమె ముందుగదిలో సోఫాకి చిరిగిన రెక్సిన్ మారుస్తోంది. బ్యాంకులో పనిచేసే చెల్లెలి సంబంధం మాట్లాడటానికి పెళ్ళికొడుకూ, వాళ్ళమ్మా వస్తున్నారు. చిన్న మేకుల్ని పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొట్టడం ఆ పనిచేసేవాళ్ళ పద్ధతి. అందుకే ఆమె ఎక్కువగా "ఊఁ" అనే అంటుంది.

"తొందరగా కానివ్వరా పెద్దోడా. వాళ్ళొచ్చేలోపు నువ్వు కొట్టుకెళ్ళిపోవాలి," అంది తల్లి.

ఆమె మేకులు చేతిలోకి తీసుకుంది. "నేనెందుకు ఉండకూడదు?"

"వాళ్ళు నిన్ను మగాడివనుకుంటున్నారు," అంది చెల్లెలు అద్దంలోంచే చూస్తూ. "ఫోన్లో అమ్మ, 'మా పెద్దోడు చదివించాడు, పెద్దోడే అన్నీ మాట్లాడతాడు' అనేసింది. ఇంట్లో ఎలా అంటామో అలాగే."

"అయితే అక్క అని చెప్పేయండి."

"ఏమని చెప్పను?" తల్లి గొంతు లేచింది. "చిన్నపిల్లని బడి మాన్పించి, దాని రెక్కల కష్టం మీద బతికామని చెప్పనా? మొహాన ఉమ్మేసి పోతారు."

"ఈ ఒక్క పూటకీ సర్దుకో. నీ చేతులు చూడు ఎలా ఉన్నాయో," అంది చెల్లెలు.

ఆమె చూసుకుంది. సుత్తిదెబ్బకి నల్లబడిన బొటనవేలి గోరు, గమ్ము అంటి తోలు లేచిన వేళ్ళు. మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

చుట్టాలు అనుకున్న వేళకంటే ముందే దిగారు. తలుపు తీసే ఉండటంతో నేరుగా లోపలికి వచ్చేశారు. తల్లి ఒక్క క్షణం తడబడి, "రండి రండి. ఈ అమ్మాయి సోఫా బాగుచెయ్యడానికి వచ్చిందిలెండి," అనేసింది.

పెళ్ళికొడుకు తల్లి కుర్చీలో కూర్చుని చుట్టూ చూసింది. "మీ పెద్దబ్బాయేడీ? ఆయనతో మాట్లాడదామనే వచ్చాం."

"పని మీద ఊరెళ్ళాడండీ."

"ఇవాళేనా? పోనీ ఫోన్ కలపండి, మావాడు మాట్లాడతాడు."

తప్పించుకునే దారి లేకపోయింది. తల్లి కొంగు కళ్ళకి అద్దుకుంది. "మీ దగ్గర దాచడమెందుకు? వాడు మొన్న గొడవపడి వెళ్ళిపోయాడండీ. ఏనాడూ ఇల్లు పట్టించుకున్న పాపాన పోలేదు. పరువు కోసం ఫోన్లో గొప్పలు చెప్పాను. దీన్ని నేనే కడుపు మాడ్చుకుని చదివించాను."

సుత్తి ఆగిపోయింది. లోపలిగదిలో తండ్రి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"నిజమేనా అమ్మాయీ?" అని ఆవిడ పెళ్ళికూతుర్ని అడిగింది.

చెల్లెలు తల దించుకుంది. "అవునండీ."

"అలాంటి కొడుకు పుట్టకపోయినా బాగుండేది," అంది ఆవిడ.

"నా ఖర్మండీ. పుట్టకపోయినా బాగుండేది," అంది తల్లి.

ఆవిడ జాలిగా నిట్టూర్చి సోఫా వైపు తిరిగింది. "ఈ పిల్లని చూడండి, ఎంత ఒద్దికగా పని చేసుకుంటోందో! కన్నతల్లి అదృష్టవంతురాలు."

తల్లి టీ కప్పులు అందించింది.

సంబంధం ఖాయమైంది. వాళ్ళని సాగనంపి వచ్చి తల్లి గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య, గట్టెక్కాం. పెద్దోడా, టీ తాగుతావా?"

ఆమె నోట్లో మిగిలిన మేకులు అరచేతిలోకి ఊసింది. పెదవి మీద నెత్తురు చార. "నేను పుట్టకపోయినా బాగుండేదా అమ్మా?"

"అయ్యో, నిన్నెందుకంటానే? వాణ్ణి అన్నాను."

"వాడెవడు?"

తల్లి బిత్తరపోయింది. ఆ వెంటనే విసుక్కుంది. "లేనివాణ్ణి తిడితే నీకెందుకంత నొప్పి?"

"మరి ఇన్నేళ్ళూ ఆ కొట్లో కూర్చుంది ఎవరు?" ఆమె పెదవి తుడుచుకుంది. "నేనేం అడిగాను? చేతులు కడుక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చుందామనుకున్నాను. చెల్లి 'మా అక్క' అని ఒక్కసారి అంటుందేమో, విందామనుకున్నాను. అంతే."

ఆమె లోపలికెళ్ళి తన బట్టలు సంచీలో కుక్కుకుంది. తండ్రి మంచం దగ్గర నిలబడి, "మందులు కిటికీలో పెట్టాను నాన్నా," అంది. ఆయన దుప్పటి తియ్యలేదు. అది మాత్రం కదులుతూనే ఉంది.

"అలిగాడు," అంది తల్లి కప్పులు ఏరుతూ. "ఎక్కడికి పోతాడు? ఆకలేస్తే వాడే వస్తాడు."

చెల్లెలు గదిలోకి వెళ్ళి చూసింది. అలమారలో ఆమె అర ఖాళీగా ఉంది. చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. ఆమె అప్పటికే మలుపు దగ్గరికి చేరింది. పిలవాలి, కానీ ఏమని? నడివీధిలో ఆడమనిషిని పెద్దోడా అని ఎలా కేకెయ్యడం? రెండో మాట నోటికి అలవాటు లేదు. అది గొంతు దాటి బయటికి వచ్చేసరికి మలుపులో ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి తల్లి గుమ్మంలో ఉంది. "ఏమన్నాడు? వస్తానన్నాడా?"

చెల్లెలు గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"వాడు కాదమ్మా. అక్క. అక్క వెళ్ళిపోయింది."