ఆవు చూడని దూడ

తెల్లవారుతుండగా ఆవు ఈనింది. ఆమె వేడినీళ్ల బకెట్టుతో కొట్టంలోకి వచ్చేసరికి దూడ లేదు. ఆవు తాడు గుంజుకుంటూ నేలంతా వాసన చూస్తోంది.

“ఏం పుట్టింది బాబాయ్, పెయ్యా, గిత్తా?” గోడ మీదుగా పక్కింటావిడ తల పెట్టింది.

“చచ్చి పుట్టిందమ్మా,” అన్నాడు ఆమె భర్త, చేతులు కడుక్కుంటూ.

ఆమె బకెట్టు కింద పెట్టేసింది. అదే మాట, అదే గొంతు. తొలి కాన్పు మంచం మీద విన్నదీ ఇదే. ఆడపిల్ల అని మాత్రం చెప్పారు, చూపించలేదు. ఆ తర్వాత కడుపు పండలేదు. ఇన్నేళ్లుగా మొగుడూ పెళ్లాలు ఒకే ఇంట్లో చెరో గదిలో ఉన్నట్టు బతికారు. ఆమె ముచ్చట్లన్నీ ఆవుతోనే.

గడ్డి గదిలో ఏదో మూలిగింది. వెళ్లి గోనెపట్టా ఎత్తింది. దూడ మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. పై పెదవి ముక్కు దాకా చీలిపోయింది.

“చూడకే!” వెనకే వచ్చాడాయన. “డాక్టరుకి ఫోన్ చేశా. నూటికో కోటికో ఇలా పుడతాయట. అంగిలి లేదు, పాలు పట్టినా ముక్కులోంచి వచ్చేస్తాయి. సాయంత్రం దాకా ఉండదట. ఆవు చూడకపోతే దానికి బెంగుండదు.”

“ఆవు చెప్పిందా మీకు?” ఆమె గొంతు లేచింది. “నన్నడగండి, చెప్తాను. బళ్లోకెళ్లే ప్రతి పిల్ల మొహమూ తెచ్చి నా బిడ్డకి అతికించుకున్నాను. ఒక్కటీ అతకలేదు!”

ఆయన గడ్డి మీద కూలబడ్డాడు.

“మన పాపకీ పెదవి ఇలాగే ఉందే. పొద్దెక్కేదాకా ఉంది. నా వేలు పట్టుకునే...”

“బతికే పుట్టిందా?”

“నువ్వు తట్టుకోలేవంది మా అమ్మ. నేనూ అదే అనుకున్నా. తర్వాత... చెప్తే నా మొహం చూడవని భయపడ్డా.”

ఆమె వంగి దూడని ఎత్తబోయింది. బరువు ఆగలేదు. ఆయన రెండోవైపు పట్టుకున్నాడు.

తెచ్చి ఎదురుగా పెడితే ఆవు ఆ వంకర మొహాన్ని ఆబగా నాకింది, ఏ దూడనైనా నాకినట్టే. పొదుగు చేపుకొచ్చి, తాగే నోరు లేక, పాలు నేల మీద బొట్లుబొట్లుగా రాలాయి. ఆ తడి పక్కనే ఇద్దరూ చతికిలబడ్డారు.

“పాపకి నుదురు ఎవరిదండీ?”

“నీదే. చెవులు మాత్రం నావి, చేటల్లా.”

ఏడుస్తూనే నవ్వొచ్చిందామెకి. కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

“ఇంకా చెప్పండి,” అంది.