రెండు నంబర్ల పేజీ

కారు ఎడమకు తిరిగింది. తిరగకూడని మలుపు అది.

సందు చివర పాల వ్యాను అడ్డంగా ఆగి ఉంది. దాని వెనక నుంచి రెండు తుపాకులు పేలాయి. వెనక సీట్లో కూర్చున్న కెమిస్టు కళ్లద్దాలు సర్దుకునే లోపే ఒరిగిపోయాడు. ఫార్ములాలు దొంగిలించిన విదేశీ ముఠా మీద కోర్టులో నోరు విప్పవలసిన మొదటి సాక్షి అతను. డ్రైవరు మోకాలి చిప్ప ముక్కలైంది. ఆ డ్రైవరు ఏజెంట్ ముంగిసకు స్వయానా బావ.

ముంగిస అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికే తెలుసు. పట్టింది వదలడని ఆ కోడ్‌నేమ్ పెట్టారు. ఈసారి అతను పట్టుకున్నది లేఅవుట్ మాస్టారిని.

ఆధారం కళ్లకు కట్టినట్టే ఉంది. మ్యాప్స్ సెక్షన్ పంపే వెక్టర్ ఫైల్లో, అంటే గీతల బొమ్మల ఫైల్లో, పేజీకొకటి చొప్పున తొమ్మిది రూట్లు ఉంటాయి. రహస్యం కోసం వాటి మీద వీధుల పేర్లు గాని, నంబర్లు గాని వెయ్యరు. ఉత్త గీతలే. ఆ రోజు చీఫ్ ఖాయం చేసింది ఐదో రూటు. గార్డులు నిలబడ్డది ఐదో రూటు మీద. ఫైల్ తెరిచి ఐదు కొడితే వస్తున్నదీ సరైన మ్యాపే. కానీ అచ్చయి డ్రైవరు కవర్లోకి వెళ్లింది మరో మ్యాపు. మధ్యలో చెయ్యి పెట్టిన మనిషి ఒక్కడే. డిపార్ట్‌మెంట్ ప్రెస్సులో పాతికేళ్లుగా పేజీలు కడుతున్న మాస్టారు.

"ఆయన అలాంటి మనిషి కాదురా," అన్నాడు బావ ఆసుపత్రి మంచం మీంచి. ముంగిస వినలేదు. అద్దం వెనక కూర్చుని, మైకులోంచి పదకొండు గంటలు ఆయన్ని పిండాడు. రిపోర్టు చివర ఒకే మాట రాశాడు: ద్రోహి. రుజువు చాలక కేసు నిలవలేదు గాని, మాస్టారి ఉద్యోగం పోయింది.

మూడు నెలలు గడిచాయి.

ఉదయం పదిన్నరకు చీఫ్ గది తలుపు మూసుకుంది.

"రెండో సాక్షి పన్నెండుకి బయల్దేరుతుంది. కెమిస్టు అసిస్టెంటుగా చేసిన అమ్మాయి. మళ్లీ ఐదో రూటే. ఇప్పుడు ఇది విను," అంటూ చీఫ్ రికార్డర్ నొక్కాడు.

గరగరల మధ్య ముఠా మనిషి గొంతు వినిపించింది. "ఐదు మళ్లీ ఒకటవుతుంది. అక్కడే కాసుకోండి."

చీఫ్ రికార్డర్ ఆపి ముంగిస మొహంలోకి చూశాడు. "ద్రోహి మాస్టారన్నావు. ఆయన మూడు నెలలుగా ఇంట్లో కూర్చున్నాడు. మరి ఇదెవరి పని?"

ముంగిస గడియారం చూశాడు. "రూటు మార్చేద్దాం సార్."

"గార్డుల్ని కదపడానికి రెండు గంటలు పడుతుంది. ఒంటిగంటకి ఆ అమ్మాయి బోనులో ఉండాలి. ఫోన్లు ముఠా వింటోంది, వాడొద్దు. ప్రెస్సుకెళ్లు. మనవాళ్లలో ఎవరో తేల్చు."

పావుగంటలో ముంగిస ప్రింటర్ మెకానిక్ అయ్యాడు. నీలం చొక్కా, పెట్టుడు మీసం, చేతిలో పానాల పెట్టె, చొక్కా రెండో గుండీలో కెమెరా.

"సిరా ఆరిందా?" అని డిపార్ట్‌మెంట్ సంకేతం అడిగాడు గేటు గార్డు.

"ఫ్యాను తిరగట్లేదు," అన్నాడు ముంగిస. గేటు తెరుచుకుంది.

మాస్టారి కుర్చీలో ఇప్పుడొక కొత్త ఆపరేటర్ ఉంది. ముంగిస మెషీను మూత విప్పుతున్నట్టు నటిస్తూ ఆమె స్క్రీన్ మీద కన్నేశాడు. ఆమె వెక్టర్ ఫైల్‌ను లేఅవుట్‌లోకి ఇంపోర్ట్ చేసింది. ఏ పేజీ అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఆమె ఐదు కొట్టింది. మ్యాపు వచ్చి కూర్చుంది. ప్రింట్ తీసి, కవర్లో పెట్టి, సీలు వేసి, కారు దగ్గరికి పంపేసింది.

ఆమె మంచినీళ్లకు లేవగానే ముంగిస అసలు ఫైల్ తెరిచాడు. ఐదు కొట్టాడు. వచ్చిన మ్యాపు వేరు! లేఅవుట్‌లో ఉన్న మ్యాపు వేరు! ఆ పిల్ల ఏ మోసమూ చెయ్యలేదు. అతని కళ్ల ముందే కొట్టింది. అయినా తప్పే వచ్చింది.

అంటే ఆ రోజు మాస్టారూ... ఐదే కొట్టి ఉంటాడు.

"మెషీను మొరాయిస్తోందా?"

వెనక నుంచి సన్నటి సెంటు వాసన. మ్యాప్స్ సెక్షన్ మేడమ్. పొగమంచు రంగు చీర, ఎర్రటి పెదవులు, చూసినవాళ్లు మళ్లీ తిరిగి చూసే మనిషి. ఫైలు ప్రతిసారీ తనే స్వయంగా తెచ్చి ఇస్తుంది.

"చిన్న రిపేరే మేడమ్. ఒక పార్టు కావాలి, తెచ్చుకుంటాను."

"తొందరేం లేదు," అందామె నవ్వుతూ. కిటికీలోంచి అతను ఏ సందులోకి తిరుగుతాడో చూస్తూ నిలబడింది.

మాస్టారి ఇల్లు ప్రెస్సు వెనక సందులోనే. ఆయన భార్య తలుపు తీసింది. "ప్రెస్సు నుంచి ఎవరో వచ్చారండీ." ముందు గదిలో మాస్టారు నేల మీద కూర్చుని పాత పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నాడు.

"ఫైల్లో ఐదు కొడితే ఒకటి వస్తోంది, లేఅవుట్‌లో ఇంకోటి వస్తోంది. ఎందుకు మాస్టారూ?"

జిగురు బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది.

"మీ మొహం తెలీదు గాని, గొంతు నాకు తెలుసు బాబూ. పదకొండు గంటలు విన్నాను."

ముంగిస తల దించుకున్నాడు.

మాస్టారే తేరుకున్నాడు. "కూర్చోండి. ఫైల్లో మొదట ఉత్త పేజీలేమైనా ఉన్నాయా?"

ముంగిస గుండీ కెమెరా తీసిన ఫొటో చూపించాడు. స్క్రీన్ పక్కన చిన్న బొమ్మల వరసలో మొదట నాలుగు ఖాళీ పేజీలు, వాటి కింద సాఫ్ట్‌వేర్ చూపించే రోమన్ అంకెలు. ఆ తర్వాతే ఒకటి, రెండు, మూడు...

"ఇదే. ప్రతి పేజీకీ రెండు నంబర్లుంటాయి. దాని మీద అంటించిన లేబుల్ ఒకటి. వరసలో అది ఎన్నోది అన్నది ఇంకోటి. ఫైల్ తెరిచి చూస్తే లేబుల్ చూపిస్తుంది. మన లేఅవుట్ సాఫ్ట్‌వేర్ లేబుళ్లు చూడదు, మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఐదంటే దానికి వరసలో ఐదోది. అంటే ఒకటో రూటు."

ఐదు ఒకటవుతుంది. గార్డులు ఐదో రూటు మీద. కారు ఒకటో రూటు మీద. ఒక్క గీత దిద్దకుండా, నాలుగు ఖాళీ పేజీలతో మనిషిని చంపారు.

"ఆ రోజూ ఇదే చెప్పబోయాను. పేజీలు లెక్కపెట్టి చూడండి బాబూ అన్నాను. సాకులు చెప్పకు అన్నారు మీరు."

అన్నాడు. ముంగిసకు గుర్తుంది. ఆ మాట అంటూ మైకు కట్టేసింది కూడా గుర్తుంది.

"నాతో రండి మాస్టారూ. టైము లేదు."

"మళ్లీ ఎక్కడికి తీసుకెళ్తారు ఈయన్ని?" గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఆయన భార్య.

"పక్కకి జరుగు. ఒక అమ్మాయి ప్రాణం," అన్నాడు మాస్టారు చెప్పులు వేసుకుంటూ.

పదకొండూ నలభై ఐదు. ప్రెస్సు.

"నాలుగు కలిపి తొమ్మిది కొట్టమ్మా!" అన్నాడు ముంగిస రొప్పుతూ.

"ఆగు తల్లీ," అన్నాడు మాస్టారు. "ఎవరి మాటా నమ్మకు. నా మాట కూడా. చిన్న బొమ్మలన్నీ తెరిచి లెక్కపెట్టు."

థంబ్‌నెయిల్స్ వరసగా పరుచుకున్నాయి. ఆపరేటర్ వేలు పెట్టి లెక్కించింది. మొదట ఖాళీ పేజీలు నాలుగు కావు, ఎనిమిది!

"ఇందాకే మేడమ్ వచ్చి, పాత ఫైల్ తీసేసి ఇది పెట్టుకోమన్నారండీ."

తొమ్మిది కొట్టి ఉంటే మళ్లీ ఒకటో రూటే వచ్చేది.

"పదమూడు," అన్నాడు మాస్టారు. ఆపరేటర్ కొట్టింది. ఐదో రూటు స్క్రీన్ మీదికి వచ్చింది. ప్రింటర్ గుర్రుమంది.

"కాగితం అక్కడే ఉంచండి."

గుమ్మంలో మేడమ్. చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన రంగు లేదు, సన్నటి గొట్టం ఉంది.

"నీకు థాంక్స్ చెప్పాలి ముంగిసా. నీ రిపోర్టు పుణ్యమా అని మూడు నెలలు నా వంక ఎవరూ చూడలేదు."

గొట్టంలోని గుండు పేలకముందే ఆ మాట తగిలింది. ముంగిస కాలితో పేపర్ రోల్ ట్రాలీని ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్లి ఆమె మోకాళ్లను ఢీకొట్టింది. లిప్‌స్టిక్ పేలి సీలింగు పెచ్చు ఊడింది. గేటు గార్డు పరుగున వచ్చి ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు.

ముంగిస వేడి వేడి కాగితం లాక్కుని మెట్ల మీంచి దూకాడు. పెట్టుడు మీసం ఎక్కడో రాలిపోయింది. కారు గేటు దాటుతోంది. బానెట్ మీద రెండు చేతులూ వేసి పడ్డాడు. డ్రైవరు తుపాకీ తీశాడు.

"సిరా ఆరిందా?" అని అరిచాడు ముంగిస.

"ఫ్యాను... తిరగట్లేదు," అన్నాడు డ్రైవరు అయోమయంగా.

"ఆ కవరు నాకివ్వు. ఇది తీసుకో."

వెనక సీట్లో సాక్షి అమ్మాయి ఫైలును గుండెలకు హత్తుకుని కూర్చుంది. ఏం తప్పిందో ఆమెకు తెలీదు. పన్నెండు కొట్టింది. కారు సాగిపోయింది. ఒంటిగంటకు ఆమె బోనులో నిలబడిందని కబురొచ్చింది. ఒకటో రూటులో కాసుకున్న ముఠాను సాయంత్రానికి పట్టుకున్నారు.

చీఫ్ మెడల్ మాటెత్తితే ముంగిస వద్దన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సొంత దస్తూరీతో కొత్త రిపోర్టు రాసుకుని మాస్టారి ఇంటికి వెళ్లాడు. పాత రిపోర్టు తప్పు, ఆ తప్పు తనదే, మాస్టారు నిర్దోషి, ఆయన్ని వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఒక పేజీ.

"మీరు చదివి సరేనంటేనే పైకి పంపుతాను. మీరు నన్ను మన్నించనక్కర్లేదు మాస్టారూ. నేనడగను కూడా."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికి రమ్మని అనలేదు. వెళ్లమనీ అనలేదు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు నింపాదిగా చదివాడు. ఓసారి ఆగాడు.

మాస్టారు చెవి మీంచి ఎర్ర పెన్సిలు తీశాడు.

"మన్నించడం సంగతి తర్వాత చూద్దాం బాబూ. 'నిర్దోషి'లో మీరు 'ద'కు అడుగున గీత పెట్టి 'నిర్ధోషి' చేశారు. ఇలాగే పైకి వెళ్తే ఆ తప్పూ నాదే అంటారు."