వేలి మీద గాడి

“ఇది మా అమ్మ కాదండీ.”

మానిటర్ మీంచి తలెత్తాను. కౌంటర్ అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. అరగంట క్రితం నేను ఫ్రేము కట్టించి ఇచ్చిన ఫోటో ఆమె చేతిలో ఉంది.

“మీరు వాట్సాప్‌లో పంపిన ఫోటోయేనండీ అది.”

“ఫోటో నాదేనండీ. మనిషే మారిపోయింది. ఈ వేలు చూడండి.”

చూశాను. చెంపకు ఎడమచెయ్యి ఆనించుకుని కూర్చున్న యాభై ఏళ్ళ ఆవిడ. చూపుడువేలు కొవ్వొత్తిలా నున్నగా ఉంది. కళ్ళ కింద ముడతల్లేవు. రంగు రెండు మెట్లు పెరిగింది. నా పని శుభ్రంగానే ఉంది.

“వేలికి ఏమైందండీ?”

“ఏమీ అవలేదు, అదే బాధ. ముప్పై ఏళ్ళు లేసు అల్లిన వేలండీ అది. దారం చుట్టీ చుట్టీ గాడి పడిపోయింది. నాకు తల దువ్వుతుంటే నెత్తికి తగిలేది. రేపు అమ్మ జ్ఞాపకార్థ కూడిక, పోయి ఏడాదైంది. వచ్చేవాళ్ళందరూ లేసు అల్లే ఆడాళ్ళే. ఇది చూసి ఎవరీవిడ అని అడుగుతారు.”

పక్కనుంచి మా స్టూడియో ఓనరు పల్లంరాజు గారు నవ్వారు. “అందరూ గీతలు తియ్యమంటారమ్మా. ఉంచమని దెబ్బలాడిన మొదటి కస్టమరువి నువ్వే.”

నాకు నవ్వు రాలేదు. సిగ్గూ వేయలేదు, విచిత్రంగా. ఆరేళ్ళుగా రోజుకి నలభై మొహాలు నున్నగా చేస్తున్నాను. ఎవరు ఎదురుపడినా నా చూపు ముందు మచ్చ దగ్గరికే వెళ్తుంది. అద్దంలో నా మొహం కూడా నాకు సరిచెయ్యాల్సిన పనిలాగే కనిపిస్తుంది. ఆ గాడి నేను చూడకపోలేదు. చూశాను కాబట్టే తుడిచేశాను.

పాత ఫైల్ తెరిచి, ఏమీ ముట్టుకోకుండా మళ్ళీ ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె ఫోటోలోని వేలి మీద తన బొటనవేలు పెట్టి రాసి చూసింది, లోతు తగులుతుందేమో అన్నట్టు.

“నా పేరు తబిత అండీ,” అంది వెళ్ళబోతూ, ఫిర్యాదు కింద సంతకం పెడుతున్నట్టు.

స్టూడియో నరసాపురంలో. మా ఊరు సఖినేటిపల్లి, గోదావరికి అవతలి ఒడ్డు. సాయంత్రం ఆరింటికి నది దాటించే పంటు ఎక్కి, మోటార్‌సైకిళ్ళ మధ్య రెయిలింగుకి ఆనుకుని కునికిపాట్లు పడటం నా అలవాటు. నరసాపురం రేవు వదలడం గానీ, మా ఒడ్డు రావడం గానీ నేను చూసింది తక్కువ.

“మీరు నిలబడే నిద్రపోతారేంటండీ?”

కళ్ళు తెరిస్తే తబిత. వాళ్ళమ్మ కూడిక అయి వారమైంది. లేసు ఎగుమతి చేసే గోడౌన్లో పీసులు చెక్ చేసే ఉద్యోగమట. రెండేళ్ళుగా రోజూ ఇదే పంటులో దాటుతోందట.

“నేనెప్పుడూ చూడలేదే మిమ్మల్ని.”

“కళ్ళు మూసుకుంటే ఎలా చూస్తారు?”

“మీరు అలిసిపోరా?”

“ఎందుకు అలిసిపోనండీ? పొద్దున్నుంచి తెల్ల లేసులో తెగిన పోగు కోసం వెతుకుతాను. సాయంత్రానికి తెల్లగా ఉన్నదేదీ చూడబుద్ధి కాదు. అందుకే ఇది.”

ఫోన్ నా ముందు పెట్టింది. తడిసిన మోకు. సైకిల్ హ్యాండిలుకి వేలాడుతున్న చేపల సంచీ, దాని కింద నల్లటి నీటి మరక. టికెట్టు చింపే మనిషి బొటనవేలు. ఒక్కోటీ కొంచెం చీకటిగా, ఎవరో పక్కన నిలబడి నెమ్మదిగా చూపిస్తున్నట్టుగా ఉన్నాయి.

“ఇవన్నీ ఎక్కడివండీ?”

“ఈ పంటువే. ఆ మోకు మీ కాళ్ళ దగ్గరే ఉంది.”

కిందికి చూశాను. నిజంగానే ఉంది.

“రేపట్నుంచి మీరూ ఒకటి తియ్యండి,” అంది. “రోజుకి ఒక్కటే. వెలుగు మార్చుకోవచ్చు, అంచులు కత్తిరించుకోవచ్చు. తుడవడం మాత్రం కుదరదు.”

“ఫోటో అంటేనే తలనొప్పండీ నాకు.”

“అయితే నిద్రపోండి.”

నిద్ర పట్టలేదు. మర్నాడు పంటు తలుపు గొలుసు మీది తుప్పుని ఫోటో తీసి చూపించాను.

“వెలుగు ఎక్కువ పెట్టేశారు,” అంది. “పాపం తుప్పుకి సిగ్గేస్తుంది.”

తగ్గించాను. తుప్పు లోపలి ఎరుపు పైకి వచ్చింది. ఆరేళ్ళలో పెంచడమే తప్ప తగ్గించడం నాకు తెలీదు.

తర్వాత మూడు నెలలు ఇదే మా మాట. నా టీ గ్లాసు ఫోటో చూసి, “దీనికి జ్వరమొచ్చిందా ఏంటి, ఇంత ఎర్రగా ఉంది?” అనేది. ఆమె తీసిన వానచుక్కల అద్దం చూసి, “అంచులు ఇంకా కత్తిరించాలి,” అని నేను పెద్దమనిషిలా చెప్పేవాణ్ణి. “అబ్బో, ఎజ్రా గారికి నోరొచ్చింది,” అనేది.

నా అలసట పోలేదు. స్టూడియోలో నలభై మొహాలు అలాగే ఉన్నాయి. కానీ రోజులో ఒక్క నిమిషం నా కన్ను తప్పు వెతకడం మర్చిపోయేది. ఆ నిమిషం ఫోటోదా, దాన్ని చూపించబోయే మనిషిదా అని విడదీసి చూడటానికి భయపడి, చూడలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, బయట వాన. తబిత స్టూడియోకి వచ్చింది. వెనకాల గొడుగు దులుపుకుంటూ ఆమె అన్నయ్య శ్యాంబాబు. రావులపాలెం అరటి మార్కెట్లో గుమాస్తా.

“తమ్ముడూ, చెల్లి ఫోటో ఇది,” అన్నాడు ఫోన్ ఇస్తూ. “సంబంధం వచ్చింది. కుర్రాడు రాజమండ్రిలో లెక్చరరు. సాయంత్రంలోగా పంపమన్నారు పాస్టరమ్మ గారు. కొంచెం కలర్ పెంచు. ఆ కళ్ళ కింద నలుపు తీసెయ్యి.”

“అలాగేనండీ,” అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చింది.

తబిత గోడ మీది పెళ్ళి ఆల్బముల వైపు చూస్తోంది. “వర్క్ నీట్‌గా చేస్తారన్నయ్యా ఈయన,” అంది. “గుర్తుపట్టలేనంత నీట్‌గా.”

వాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. ఫైల్ తెరిచాను. మౌస్ కళ్ళ కిందికి వెళ్ళింది. ఒక్క నొక్కు, ఎడమకన్ను కింద నలుపు పోయింది. పొద్దున్నుంచి తెగిన పోగులు వెతికిన కన్ను అది. ఇప్పుడు ఏదీ వెతకని, ఎవరిదో కన్ను. వెనక్కి తెచ్చాను. మళ్ళీ తుడిచాను. మళ్ళీ వెనక్కి. ఇరవై నిమిషాలు అలా గడిచాయి.

లేచి చెప్పాను. “సిస్టం హ్యాంగ్ అయిందండీ. రేపు ఇస్తాను.”

శ్యాంబాబు ముఖం చిట్లించాడు. తబిత నా మానిటర్ వైపు చూసింది. అందులో ఆమె మొహం కదలకుండా వెలుగుతూనే ఉంది. వానలోకి ముందు తనే దిగింది.

ఆరింటి పంటులో ఆమె ఒక్కతే ఉంది. అన్నయ్య రావులపాలెం బస్సెక్కేశాడట. వాన సన్నగా పడుతోంది. నా పక్కకి రాలేదు. నేనే వెళ్ళాను.

“ఇవాళ్టి ఫోటో?” అంది నీళ్ళ వైపు చూస్తూ.

“తియ్యలేదండీ.”

“మూడు నెలల్లో మొదటిసారి.” నా వైపు తిరిగి, “సిస్టం బాగయిందా?” అంది.

“పాడైతే కదండీ.”

“మరి అబద్ధం ఎందుకు? చెయ్యననైనా చెప్పాల్సింది. చేసైనా ఇవ్వాల్సింది. మీరేం చేస్తారో చూద్దామనే అన్నయ్యని మీ దగ్గరికే తీసుకొచ్చాను. మీరు రెండూ చెయ్యలేదు.”

ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. నాకు బాగా తెలిసిన అలసట. దాని ముందు అబద్ధం ఆడే ఓపిక నాకూ లేకపోయింది.

“ఎడిట్ చేస్తే ఫోటోలో మీరుండరు,” అన్నాను. “చెయ్యకపోతే అతనికి నచ్చేస్తారు. రెండూ నా వల్ల కాలేదండీ.”

పక్కన ఒక మేక తుమ్మింది.

తబిత పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని ఆలస్యంగా అర్థమైంది. “ఈ ముక్క చెప్పడానికి మూడు నెలలా? అన్నయ్య ఎదురుగా చెప్పుంటే సగం పని అయిపోయేది.”

ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. రెయిలింగుకి తల వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్న మనిషి. కళ్ళ కింద నలుపు. గడ్డం మాసింది. చొక్కా కాలరు ఒకవైపు మడతపడింది. మామూలుగా అయితే అందులో నేను చెయ్యాల్సిన పనులు తొమ్మిది. కానీ ఆ మొహం మీది సాయంత్రపు వెలుగు చెయ్యేసి నిమిరినట్టుగా ఉంది.

“ఎప్పుడు తీశారు?”

“మీతో మాట్లాడకముందే. అమ్మ ఫోటో గొడవ కంటే నెల ముందు. ఎవరో పాపం ఇంత అలిసిపోయారేంటి అనిపించింది.” వేలితో రెండు నొక్కులు నొక్కింది. “నా సంబంధం ఇదని అన్నయ్యకి పంపేశాను.”

“ఇదా? ఇలాగేనా? కనీసం ఆ కాలరైనా—”

“తుడవడం కుదరదని రూలు.”

నది మధ్యలో ఉండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. తబిత స్పీకరు పెట్టింది. బస్సు హారన్ల మధ్య శ్యాంబాబు గొంతు:

“ఎవరే ఈ నిద్రమొహం? ఆగు... సిస్టం హ్యాంగ్ అయిందన్నోడు కదూ! అందుకా అలా చెమటలు పట్టాయి? సరే, పాస్టరమ్మ గారికి నేను చెప్పుకుంటాలే. ఆదివారం వాళ్ళింట్లో పెద్దవాళ్ళని తీసుకుని చర్చికి రమ్మను. ఈలోపు కళ్ళ కింద నలుపు ముందు తనకి తీసుకోమను.”

ఇద్దరం నవ్వాం. బాగా అలిసిపోయినవాళ్ళు నవ్వినట్టు, చప్పుడు తక్కువగా.

ఫోన్ పట్టుకున్న ఆమె ఎడమచెయ్యి రెయిలింగు మీద ఆగింది. చూపుడువేలి మీద వానచుక్క ఒకటి జారి, మధ్యలో చిన్న పల్లంలో నిలిచింది. అమ్మకున్నంత లోతు లేదు. రాత్రిళ్ళు ఆమె కూడా అల్లుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఫోన్ తీసి, చుక్క జారకముందే నొక్కాను.

“ఇవాళ్టిది,” అని చూపించాను.

చాలాసేపు చూసింది. “ఎడిట్?”

“కొంచెం వెలుగు తగ్గిస్తాను.”