ఒకే ఒక్క జాకీ

"మిగతా సగం ఎప్పుడొస్తుందండీ?"

లోర్నా నాతో అన్న మొదటి మాట అది. ఆదివారం పొద్దున లాంగ్టన్ ఊళ్లో మా వీధి ఇంకా దుప్పటి తీయలేదు. నేను కారు ఇంజన్ని మోగిస్తున్నాను. పెట్టెల్లో ముక్కలుగా తెప్పించుకుని, మూడేళ్లు కూర్చుని నా చేత్తో నేను బిగించుకున్న కారు. దానికి పైకప్పు లేదు, తలుపులూ లేవు. ఎదురింటి గుమ్మంలో ఈ అమ్మాయి టీ తాగుతూ నిలబడింది. నిద్ర చెడినందుకు మొహం గంటు పెట్టుకుంది.

"ఇదే మొత్తం," అన్నాను పొగరుగా.

"అయ్యో పాపం," అంది, తలుపేసుకుంది.

మరుసటి ఆదివారం తనే వచ్చి ఎక్కించుకోమంది. లీక్ ఊరి గుట్టల దాకా వెళ్లామో లేదో వాన అందుకుంది. ఇద్దరం నిలువునా తడిసి ముద్దయ్యాం. లోర్నా బూటు విప్పి నీళ్లు ఒంపి, "మొగుడి కారుకి తలుపుల్లేకపోతే ఒక సుఖముంది. గొడవొస్తే చప్పున దిగిపోవచ్చు," అంది. మొగుడు అన్న మాట నాకు ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే తట్టింది. నా బుర్రకి అన్నీ ఆలస్యమే.

ఆ ఏడే పెళ్లయింది. కింద రెండు గదులు, పైన రెండు గదులు ఉన్న పాత ఇల్లొకటి కొన్నాం. శనివారం ఇంటి పని, ఆదివారం కారు పని అని ఒప్పందం. పెళ్లిలో పెట్టుకున్న ప్రమాణాలకన్నా దీన్నే ఎక్కువ నమ్మాం. కానీ కారుకి నోరుంది, ఇంటికి లేదు. ఒక వారం రేడియేటర్ కారేది, ఇంకో వారం సైలెన్సర్ ఊడేది. నా శనివారాలన్నీ అలా కారు కిందే గడిచిపోయాయి. వంటగదిలో సింకు పీకేసి నాలుగు నెలలైంది, లోర్నా గిన్నెలు స్నానాల తొట్టిలో తోముకునేది. పింగాణీ కార్ఖానాలో రోజంతా కప్పుల అంచులకి గులాబీలు దిద్దే మనిషి, సాయంత్రం తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చునేది. సణిగేది కాదు. సణిగినా బాగుండేది.

చివరికి సిగ్గుపడి, వంటగదికీ ముందు గదికీ మధ్య గోడ పడగొట్టాను. పైన దూలం వేయాలి. ఇనుప దూలం సోమవారం వస్తుందన్నారు. అప్పటిదాకా పైగది బరువు మోయడానికి ఒక పక్క అద్దెకి తెచ్చిన ఇనుప ఊతం నిలబెట్టాను. రెండో పక్కకి ఇంకోటి తేవడం ఎందుకని, నా కారు జాకీ మీద చెక్క దుంగ నిలిపి పైకి బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం సాయంత్రం కారుకి ఏడాది ఫిట్‌నెస్ పరీక్ష. బ్రేక్ ప్యాడ్లు మార్చాలి. చక్రం ఎత్తాలంటే జాకీ కావాలి. ఉన్నది ఒక్కటే. ఒక్క గంట, అంతే కదా అనుకున్నాను. జాకీ మెల్లగా దింపి, తీసి చూశాను. కప్పు కదల్లేదు. అది కదలకపోవడమే నన్ను ముంచింది.

చక్రం విప్పాక బ్రేకు నూనె చాలలేదని తెలిసింది. కొనుక్కురావడానికి బస్సెక్కాను. వెళ్లేముందు అలవాటు ప్రకారం స్టీరింగ్‌కి అట్టముక్క కట్టాను: "బ్రేకులు లేవు. ముట్టుకోవద్దు." సగం పని వదిలి వెళ్లే కారువాడెవడైనా చేసే పనే అది.

ఆరోజు పింగాణీ కార్ఖానాలో బట్టీ చెడి లోర్నా వాళ్లందరినీ ముందే ఇళ్లకి పంపేశారు. నేను తిరిగొచ్చేసరికి వీధిలో జనం, ఇంటి నిండా సున్నపు దుమ్ము. లోర్నాని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఎముక అతుక్కుంటుంది కానీ సన్న కుంచె పట్టగలదో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

మంచం పక్కన కూర్చుని ఏదో చెప్పబోయాను. లోర్నా ఆపింది.

"కప్పు కూలిందని కాదు, క్లైవ్. ఇంట్లోకి వస్తూ నీ అట్టముక్క చదివాను. కారు దగ్గరికి ఎవరూ వెళ్లకూడదని చీటీ కట్టావు. వంటగది తలుపుకి కట్టలేదు."

 

ఆసుపత్రి నుంచి ఆమె నేరుగా లీక్‌లో ఉన్న అక్క హిల్డా ఇంటికి వెళ్లిపోయింది. నేను ప్రతి శనివారం బస్సెక్కి వెళ్లేవాణ్ణి. హిల్డా గేటు దగ్గరే నిలబెట్టి, చెల్లెలు పడుకుందనో, బజారుకెళ్లిందనో చెప్పి పంపేసేది. తొమ్మిది వారాలు అలా గడిచాయి. ఇంట్లో సగం కప్పు కింద ఒక్కణ్ణే రొట్టె, చల్లటి బీన్సు తిని పడుకునేవాణ్ణి. ప్రేమించానని చెప్పుకుంటూ ఇంత నిర్లక్ష్యంగా ఎలా ఉన్నానా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

పదో వారం లోర్నాయే గేటు దాకా వచ్చింది. చిక్కిపోయింది. కట్టు విప్పిన చేయి కోటు జేబులో దాచుకుంది.

"కారు అమ్మేశావా?"

"లేదు."

"మంచిపని చేశావు. అమ్మేసొచ్చి, నీ కోసం త్యాగం చేశానంటే మొహాన గేటేసేదాన్ని."

"దూలం వేయించాను," అన్నాను. "నేను వేయలేదు. మేస్త్రీని పెట్టాను. కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాడు."

మా వీధిలో మగవాడు సొంతింటి పనికి మేస్త్రీని పిలిస్తే పక్కింటివాళ్లు జబ్బు చేసిందా అని అడుగుతారు. మా నాన్నయితే నాతో వారం రోజులు మాట్లాడలేదు.

"మేస్త్రీనా? నువ్వా?"

"నాకు చేతకాదని నాకు తెలిసింది, లోర్నా. అదే ముందే ఒప్పుకునుంటే నీ చేయి బాగుండేది."

ఆమె నవ్వలేదు. కోటు బొత్తాలు ఎడమ చేత్తో పెట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇంట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. దూలం కేసి వేలు చూపించింది.

"ముందు నువ్వు నిలబడు దాని కింద."

నిలబడ్డాను. ఆమె మెట్లెక్కి పైగదిలోకి వెళ్లింది. సరిగ్గా నా నెత్తి మీద ధడేలుమని ఎగిరి దూకింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తర్వాత పైనుంచి సన్నగా వెక్కిళ్లు వినబడ్డాయి. ఏడుస్తోందని తెలిసింది. వెళ్దామనిపించింది. కానీ నన్ను అక్కడ నిలబెట్టింది ఆమె. కదలమని చెప్పలేదు, నేను కదల్లేదు.

చివరికి కిందికొచ్చింది. మెల్లగా నడిచొచ్చి దూలం కింద నా పక్కన నిలబడి, జేబులోంచి కుడిచేయి తీసి నా చేతిలో పెట్టింది. వేళ్లు సన్నబడిపోయాయి, పట్టులో బలం లేదు. అయినా పట్టుకున్నది ఆమే.