నీకని దాచింది

పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా చీపురు పట్టుకోవడం మిషనమ్మకు నెల రోజులుగా అలవాటైపోయింది. ముందు పొయ్యి గట్టు, తరువాత అత్తగారి మంచం కింద, ఆ తరువాత ముందుగదిలో కుట్టుమిషను చుట్టూ. మూడు చోట్లా ఎలుక పెంటికలే, మాడిన బియ్యపు గింజలు ఎవరో చల్లి పోయినట్టు. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మళ్ళీ సబ్బునీళ్ళతో తుడిచి నడుం ఎత్తేసరికి సగం రోజు పని చేసినంత అలసట. అప్పటికి ఇంకా పొయ్యి వెలిగించనే లేదు.

ఆమెకు అసలు పేరొకటి ఉంది. కానీ వీధిలో అందరూ మిషనమ్మ అనే పిలుస్తారు. పదహారేళ్ళుగా ఆ ముందుగదిలో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. మొగుడు సిటీ బస్సు నడుపుతాడు. తెల్లవారకముందు వెళ్ళి మధ్యాహ్నం వస్తాడు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. రెండేళ్ళ నుంచి ఆవిడకు మతిమరుపు పట్టుకుంది. పాతికేళ్ళ కిందటి మాట పూసగుచ్చినట్టు చెబుతుంది, పావుగంట కిందట తిన్న అన్నం మాత్రం గుర్తుండదు.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో పొదలు కొట్టించినప్పటి నుంచి మొదలయింది ఎలుకల బెడద. గూడు చెదిరిన ఎలుక ఎక్కడికి పోతుంది, పక్కింట్లోకే వస్తుంది. వచ్చినవి ఊరికే ఉన్నాయా? మిషను బెల్టు కొరికాయి. కుట్టి మడతపెట్టిన చొక్కాల దొంతరలో పైవి వదిలేసి, సరిగ్గా మధ్యవి కొరికాయి. ఇస్త్రీ చేసిన పన్నెండు చొక్కాల్లో నాలుగింటికి చేతులు లేవు. మళ్ళీ బట్ట కత్తిరించి, మళ్ళీ కుట్టి, ఆలస్యమైందని బడివాళ్ళ చేత మాట పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

మొగుడు మంచివాడే కానీ ప్రతిదాన్నీ నవ్వులాటలోకి దించుతాడు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూనే, ఇంట్లో తిరిగే ఎలుకలు చాలనట్టు నా కడుపులో కూడా పరిగెడుతున్నాయి, ముందు వీటి సంగతి చూడమన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. కంచం పెట్టి మళ్ళీ మిషను ఎక్కింది. తను ఎప్పుడు తినేదో ఆమెకే తెలియదు. ఒక్కోసారి మూడింటికి, నిలబడి, గిన్నెలోంచే. ఒక్కోసారి అదీ లేదు.

చివరికి బోనాయనను పిలిపించింది. బోన్లు పెట్టడం, కన్నాలు మూయడం ఆయన వృత్తి. వచ్చీ రాగానే బోను తీయలేదు. చిన్న టార్చి పట్టుకుని ఇల్లంతా మోకాళ్ళ మీద తిరిగాడు. ఎలుక నట్టింట్లో నడవదనీ, గోడను ఒరుసుకునే పోతుందనీ, దాని ఒంటి జిడ్డు గోడకు నల్లగా అంటుకుంటుందనీ వేలితో రాసి చూపించాడు. తూము దగ్గరా తలుపు కిందా ఉన్న కన్నాల్లో ఇనుప పీచు కుక్కి సిమెంటు పూశాడు. గోడల వెంబడి పల్చగా పిండి చల్లి, రేపు వస్తానని వెళ్ళాడు.

మర్నాడు పిండి మీద అడుగులు స్పష్టంగా ఉన్నాయి. అన్నీ రెండు చోట్లకే పోతున్నాయి. ఒకటి బట్టల అల్మారా, రెండోది అత్తగారి మంచం. బోనాయన కొరికిన చొక్కా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎలుకకు బట్టతో పనిలేదమ్మా. బట్టలో తిండి ఉంటేనే కొరుకుతుంది. ఈ ఇంట్లో ఎవరో వీటికి వడ్డిస్తున్నారు."

మిషనమ్మకు ఒళ్ళు మండింది. అద్దంలా తుడిచిన నేల మీద నిలబడి ఈయన ఆ మాటంటాడా అనుకుంది. పైకి మాత్రం, అంత కష్టం ఎందుకు, మందు పెట్టెయ్యండి అంది. ఆయన ఒప్పుకోలేదు. మతి నిలవని పెద్దావిడ తిరుగుతున్న ఇంట్లో మందు పెట్టననీ, ముందు తిండి ఎక్కడుందో వెతుక్కోమనీ చెప్పి, నాలుగు బోన్లు గోడకు ఆనించి వెళ్ళాడు. వారం రోజుల్లో రెండు ఎలుకలు పడ్డాయి. పెంటికలు మాత్రం తగ్గలేదు.

మనిషి అలిసిపోతే బుద్ధి కూడా అలిసిపోతుంది. శనివారం పొద్దున మరో మూడు చొక్కాలు కొరికి ఉండడం చూసి ఆమె ఏడవలేదు, అరవలేదు. బజారుకు వెళ్ళి తనే మందు తెచ్చింది. పిండిలో చక్కెరా మందూ కలిపి ఏడు ఉండలు చేసింది. ఒక్కోదాన్నీ ఒక్కో కాగితం ముక్క మీద పెట్టి, పొయ్యి గట్టు వెనక రెండు, అల్మారా కింద మూడు, నీళ్ళగది తూము దగ్గర రెండు ఉంచింది. అత్తగారిని పిలిచి, ఇవి విషం, ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పింది. నాకు తెలియదా అన్నట్టు ఆవిడ మూడుసార్లూ తలూపింది. మొగుడికి ఆ మాట చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు.

ఆదివారం ఆమె చీపురు అందుకుంటుండగానే ఆడపడుచు దిగింది. మొగుడికి అక్క ఆవిడ. ఊరికి ఆ చివర ఉంటుంది, నెలకోసారి తల్లిని చూడడానికి వస్తుంది. వచ్చి మంచం మీద కూర్చుని తల్లి తల దువ్వుతూ, ఏం తిన్నావమ్మా అని అడిగింది. ముసలావిడ మెల్లగా, ఏమీ పెట్టలేదంది. అంతకు పావుగంట ముందే, ఆ పూట చీపురు కూడా పట్టకుండా, రొట్టె పాలల్లో ముంచి తినిపించింది మిషనమ్మ. ఆ గిన్నె ఇంకా కడగనైనా లేదు.

ఆడపడుచు దుప్పటి సరిచేస్తూ దిండు ఎత్తింది. దిండు కింద చిన్న మూట. నీలం యూనిఫారం గుడ్డముక్కలో చక్కగా ముడివేసి ఉంది. విప్పితే ఎండిపోయిన రొట్టె ముక్క.

"మా అమ్మకు కడుపునిండా పెడుతుంటే, ఈ మూట ఎందుకు కట్టుకుందో చెప్పమ్మా," అంది ఆడపడుచు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"రోజుకు నాలుగుసార్లు పెడుతున్నాను వదినా. పెట్టిన పావుగంటకు పెట్టలేదంటారు. నెలకోసారి వచ్చే మీకు ఆ ఒక్క మాటే వినపడుతుంది."

"పెట్టేవాళ్ళు ప్రేమగా పెడితే, తినేవాళ్ళకు గుర్తుంటుంది."

ఆ రోజు సెలవని ఇంట్లోనే ఉన్న మొగుడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అక్కను ఊరుకోమన్నాడు, పెళ్ళాన్ని నువ్వూ ఊరుకోమన్నాడు. ఇద్దరూ ఊరుకోలేదు. ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు పక్కబట్టలు ఉతికిందో, వీధి చివరిదాకా వెళ్ళిపోయిన మనిషిని ఎన్నిసార్లు చెయ్యిపట్టి తీసుకొచ్చిందో, ఎప్పుడూ నోరు విప్పని మిషనమ్మ ఆ పూట ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. చివరికి, ప్రేమగా పెట్టేవాళ్ళే తీసుకెళ్ళండి, నాకు ఓపిక లేదు అనేసింది. తీసుకెళ్తాను, ఇప్పుడే తీసుకెళ్తాను అంటూ ఆడపడుచు తల్లి బట్టలు సంచిలో సర్దసాగింది. ముసలావిడ మంచం అంచున కూర్చుని ఒకరి మొహం తరువాత ఒకరి మొహం చూస్తోంది.

కంటి తడి కనపడకూడదని మిషనమ్మ వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద నాలుగు కాగితం ముక్కలు కనపడ్డాయి. నాలుగూ అంచుకు అంచు కలిపి మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి.

ఎలుక కాగితం మడవదు.

గట్టు వెనక చూసింది, ఒక్క ఉండే ఉంది. అల్మారా కింద చూసింది, ఒక్కటీ లేదు. తూము దగ్గర రెండూ కొరికి, పొడి రాల్చి, అక్కడే ఉన్నాయి. నాలుగు లేవు. ముందుగదిలోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"నిన్న నేను మందు ఉండలు పెట్టాను. నాలుగు కనపడటం లేదు."

సంచి సర్దుతున్న చేతులు ఆగిపోయాయి. "విషమా?" అంది ఆడపడుచు. "మా అమ్మ తిరిగే ఇంట్లోనా?"

మొగుడు తల్లి ముందు కూర్చుని, నోరు తెరువమ్మా, ఏదైనా తిన్నావా అని అడిగాడు. ఆవిడ బెదిరిపోయి పెదవులు బిగించింది. ఎంత అడిగితే అంత బిగించింది. ఇక ఇల్లు తిరగేయడం మొదలుపెట్టారు. మిషనమ్మ అల్మారాలోని యూనిఫారాల దొంతరలు నేల మీదికి లాగింది. మొదటి దొంతర మధ్యలోంచి ఒక మూట జారింది. రెండోదాంట్లోంచి రెండు. మిషను పక్కన పారేసే గుడ్డముక్కల్లో కట్టిన మూటలు, నీలం, తెలుపు, గళ్ళవి. అన్నం ఎండి రాళ్ళయింది, సగం అరటిపండు నల్లబడింది, రొట్టె అంచులు, బిస్కెట్లు. దిండు గలీబులో, మిషను సొరుగు వెనక, పాత సంచుల్లో మొత్తం పదిహేడు మూటలు. సగానికి సగం ఎలుకలు కొరికినవే. చొక్కాలు దొంతర మధ్యలోనే ఎందుకు కొరికాయో, బోనాయన ఎవరో వడ్డిస్తున్నారని ఎందుకన్నాడో అప్పుడు అర్థమయింది.

ఒక తెల్ల మూటలో రెండు మందు ఉండలు దొరికాయి. గళ్ళ మూటలో ఒకటి. నాలుగోది లేదు.

మొగుడు ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు. ఆడపడుచు మిగిలిన మూటలు విప్పుతోంది. అప్పుడు ముసలావిడ మెల్లగా లేచి వచ్చి మిషనమ్మ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని నీళ్ళగది వైపు లాక్కుపోయింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గుప్పిట విప్పింది. అరచేతిలో నాలుగో ఉండ. చెమటకు మెత్తబడి ఉంది, కానీ పూర్తిగా ఉంది.

"తొందరగా తినెయ్యి," అంది గుసగుసగా. "పొద్దున్నుంచి ఆ మిషను మీదే ఉన్నావు. అందరూ తిన్నాక గిన్నెలో ఏమీ మిగలదే. నాకు తెలుసు."

మిషనమ్మ ఆ ఉండ తీసుకుని రెండో చేత్తో అత్తగారి భుజం పట్టుకుంది. "అత్తయ్యా, ఇందులోంచి మీరేమైనా తిన్నారా? కొంచెమైనా?"

ముసలావిడకు కోపం వచ్చింది.

"నీకని దాచింది నేనెందుకు తింటాను?"

మిషనమ్మ తడినేల మీదే కూలబడింది. తను తిన్న సంగతి పావుగంటలో మరిచిపోయే మనిషి, కోడలు తినని సంగతి మాత్రం రోజూ గుర్తుపెట్టుకుంది. కంచంలో పెట్టినదాంట్లోంచి తీసి, ఏ గుడ్డముక్క కోడలి చేతికి తగులుతుందో ఆ గుడ్డలోనే కట్టి, ఆ చేతులు తిరిగే చోటే దాచింది. దాచి, దాచిన సంగతి మరిచిపోయింది. నెల రోజులుగా తను ఊడుస్తున్నదీ, తిట్టుకుంటున్నదీ, చివరికి విషం పెట్టిందీ ఆ ప్రేమ చుట్టూనే.

వెనకనే వచ్చిన ఆడపడుచు గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అంతా విన్నది. చిన్నప్పుడు ఇంట్లో నాయనమ్మ వడ్డన తన చేతిలో పెట్టుకునేదనీ, అమ్మ ఆఖరున గిన్నెలు గీరుకుని తినేదనీ, ఒకరోజు అమ్మ బట్టలపెట్టెలో రొట్టె ముక్క చూసి తను అందరిముందూ బయటపెట్టి నవ్వాననీ చెప్పింది. చెబుతూ చెబుతూ మిషనమ్మ పక్కనే తడిలో కూర్చుంది.

"ఈ పూట కూడా అదే పని చేశానమ్మా," అంది.

"చంపేసేదాన్ని వదినా," అంది మిషనమ్మ. ఆడపడుచు లేచింది. తల్లి చేతులు తీసుకుని, సబ్బు పెట్టి, గోళ్ళ సందులతో సహా కడిగింది. తరువాత మిషనమ్మ చేతులు కూడా అలాగే కడిగింది.

ఆటోలో తీసుకెళ్తే డాక్టరు ముసలావిడకు రక్తం పరీక్ష చేయించాడు, రెండు రోజులాగి మళ్ళీ చేయించాడు, ప్రమాదం లేదన్నాడు. ఆ రెండు రోజులూ మిషను మూతపడే ఉంది. మందు సంగతి దాచినందుకు మొగుడు కోప్పడతాడనుకుంటే, అతను తన తప్పే ఎత్తుకున్నాడు. నువ్వు తింటున్నావో లేదో పదహారేళ్ళలో నేనెప్పుడూ చూడలేదన్నాడు, అంతే. ఆ రోజు నవ్వులాట ఆడలేదు. ఆడపడుచు సంచిలో సర్దిన బట్టలు తీసి మళ్ళీ అల్మారాలో పెట్టింది. ఇక మీదట ఆదివారాలూ బుధవారాలూ తనే వచ్చి చూసుకుంటానంది. వస్తోంది కూడా.

బోనాయన వచ్చి, మందు సంగతి విని గట్టిగానే చీవాట్లు పెట్టాడు. మూటలు పోయాక ఆయన బోన్లకు పని దొరికింది, వారంలో తొమ్మిది పడ్డాయి. ఆ పై వారం చల్లిన పిండి చల్లినట్టే ఉంది. కానీ వెళ్ళేముందు ఆయన ఒక మాటన్నాడు. కన్నాలంటే నేను మూస్తానమ్మా, ఆవిడ మూటలు కట్టడం నేను మాన్పించలేను.

అది మాన్పించే ఉపాయం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఒంటిగంట కొట్టగానే మిషనమ్మ మిషను ఆపి, రెండు కంచాలు పెట్టుకుని అత్తగారికి ఎదురుగా కూర్చుంటోంది. ముసలావిడ తను తినడం మానేసి కోడలి చెయ్యి నోటిదాకా వెళ్ళిందా లేదా అని ప్రతి ముద్దా చూస్తుంది. కంచం ఖాళీ అయ్యాక గాని ఆవిడ కళ్ళలో ఆ కంగారు తగ్గదు.

నిన్న మిషనమ్మ కంచాలు కడిగి వచ్చి మిషను మీద కూర్చుంది. కుట్టాల్సినవి ఇంకా ఇరవై చొక్కాలున్నాయి, మెడ లాగేస్తోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇంకా ఏమీ తినలేదా అమ్మాయ్ అంది. చేతిలో రొట్టె ముక్క ఉంది, ఇంకో చేతిలో గుడ్డ ఉంది.

తిన్నానని చెప్పబోయి మిషనమ్మ ఆగిపోయింది. మిషను ఆపి, సూది కింద నుంచి చొక్కా తీసి పక్కన పెట్టింది. అత్తగారి పక్కన మంచం మీద కూర్చుని, కడుపు నిండుగా ఉన్నా, నోరు తెరిచింది.

"లేదత్తయ్యా," అంది. "మీరు పెట్టండి, తింటాను."