నల్ల ఉన్ని ఉండ

ఆ రోజు పొద్దున ఆకాశం నిండా మబ్బు పింజలు పరుచుకుని ఉన్నాయి, ఉన్ని కత్తిరించి ఆరబోసినట్టు. వాన తెచ్చే మబ్బు కాదు. ఎండనూ రానివ్వదు, చినుకూ రాల్చదు.

గురవమ్మ దొడ్డి తడిక తీసి గొర్రెలను బయటికి వదిలింది. గోడ అవతలి నుంచి ఓళిగల వాసన వస్తోంది. బెల్లం, యాలకులు, పెనం మీద కాలే నెయ్యి. ఆ వాసన ముక్కుకు తగలగానే ఆమె ఉమ్మేసింది.

అవతలిది మరిది తిరుపాల్ ఇల్లు. ఒకప్పుడు రెండిళ్లకూ ఒకటే వాకిలి. భర్త వెంకటేశు చనిపోయాక గురవమ్మే రాళ్లు మోయించి నడుమ గోడ కట్టించింది. ఈ రోజు తిరుపాల్ కూతురు భువనేశ్వరికి నిశ్చితార్థం. పులివెందుల నుంచి మధ్యాహ్నానికి పెండ్లికొడుకు వాళ్లు వస్తారు. చాపాడు నుంచి షామియానా కూడా వచ్చింది.

"కబురు పంపినావంట కదమ్మా పులివెందులకు?" కొడుకు శివశంకర్ పళ్లు తోముకుంటూ అడిగాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. రాత్రే వచ్చాడు.

"పంపినా. సంతలో వాళ్లోళ్లు కనపడినారు. ఆ యింట్లో నీళ్లు గూడా తాగొద్దండని చెప్పినా."

"రెండు సంబంధాలు ఇట్లనే ఎగరగొడితివి. ఆ పాప ఏం చేసింది నీకు?"

"దాని అమ్మ చేసింది. మీ నాయన్ను మింగింది. దాని వాకిట్లో పందిరి పడకూడదు. నేను బతికుండంగా పడదు."

శివశంకర్ ఉమ్మి నోరు కడుక్కున్నాడు. ఈ మాట అతను ఏడేండ్లుగా వింటున్నాడు.

గోడ పక్కన గాజుల చప్పుడైంది. తిరుపాల్ భార్య నాగలత తల పైకి కనిపించింది. పెనం ముందు నుంచి లేచొచ్చిన మనిషి, ముఖమంతా చెమట.

"అక్కా, ఈ ఒక్క దినం నోరు కట్టుకో. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు పట్టుకునే చేత్తోనే కదే కూరలో కలిపినావు!"

"నా బిడ్డ మీద ఒట్టు, నేనేం కలపలేదు."

"ఒట్లు నువ్వు గాక ఎవురు పెట్టుకుంటారు? పో. బాగా వండు. తినేవాళ్లు యాడుండారో చూస్తా."

నాగలత తల గోడ వెనక్కి దిగిపోయింది. అవతల భువనేశ్వరి ఏదో అంటోంది. ఎవరో ఊరుకోమంటున్నారు. గురవమ్మకు కడుపులో చల్లగా అనిపించింది.

ఏడేండ్ల కిందట అన్నదమ్ములు గొర్రెల మంద పంచుకున్న రోజు నాగలత తలకాయ కూర వండింది. వెంకటేశు తమ్ముడింట్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఆ నెల తిరగకముందే కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత కాళ్లు వాచాయి, పొట్ట చూలాలి పొట్టలా బిగిసింది. ఊళ్లో అందరూ ఒకటే మాటన్నారు: ఎవరో మందు పెట్టినారు. తిరుపాల్ ఆటో తెచ్చి అన్నను ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతానన్నాడు. గురవమ్మ ఆటోకు అడ్డం పడుకుంది. "మీరు పెట్టింది చాలు, మీ బండి ఎక్కనియ్యను" అంది. జమ్మలమడుగు అవతల మందు కక్కించే సామి ఉన్నాడని విని భర్తను అక్కడికి మోసుకుపోయింది.

సామి పసరు పోశాడు. ఉప్పునీళ్లు పోశాడు. వెంకటేశు కక్కాడు, మళ్లీ కక్కాడు. సామి ఆ కక్కులో చెయ్యి పెట్టి నల్లటి ఉండ ఒకటి తీశాడు. "ఇదీ మందు. ఆడమనిషి చెయ్యి. మీ రక్తసంబంధమే" అన్నాడు. ఆ వెంటనే వెంకటేశు నోట్లోంచి రక్తం వచ్చింది. ఆగలేదు. దారిలోనే అయిపోయాడు.

ఆ ఉండను సామి పసుపు గుడ్డలో కట్టి ఇచ్చాడు. విప్పొద్దన్నాడు, ముట్టుకున్నోళ్లకు అంటుకుంటుందన్నాడు. ఏడేండ్లుగా అది అటక మీద రేకు డబ్బాలో ఉంది. గురవమ్మ ఒక్కసారి కూడా విప్పలేదు. ఎప్పటికైనా పదిమందిలో అది బయట పెట్టాలి, నాగలత మొగం చూడాలి. ఆ ఒక్క కోరికతోనే లేచేది, పడుకునేది.

పోయిన నెల కాలేయం జబ్బుల మీద పరిశోధన అంటూ ఆర్షియా అనే డాక్టరమ్మ ఊళ్లోకి వచ్చింది. ప్రొద్దుటూరు పిల్లే. కామెర్లతో మనిషి పోయిన ఇళ్లలో అవ్వ దగ్గర నుంచి మనవళ్ల దాకా అందరి రక్తమూ తీసుకుంటామంది. జనం సూదికి భయపడి తలుపులు వేసుకుంటే, గురవమ్మే ముందు చెయ్యి చాపింది. పరిశోధన అంటే వెతికి పట్టుకోవడం. వెతకనీ. దొరకనీ.

గొర్రెల వెంట కూలి మనిషిని పంపి ఆమె వాకిట్లోకి వచ్చేసరికి ఆర్షియా స్కూటీ ఆపుతోంది.

"వచ్చినావా పాపా. నీ కోసమే చూస్తాండా. ఈ పొద్దే కావాల నాకు నీ మాట."

"శివశంకర్‌తో ఒకసారి మాట్లాడాల పెద్దమ్మా. తనతో ఒక్కడితోనే."

"మా అమ్మ ముందరే చెప్పండి మేడమ్" అన్నాడు శివశంకర్. అతని గొంతు అప్పటికే తగ్గింది.

ఆర్షియా అరుగు మీద కూర్చుంది. సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"నీ రక్తంలో హెపటైటిస్ బి ఉండాది శివా. కాలేయాన్ని నిదానంగా తినే వైరస్. భయపడద్దు. నీ కాలేయం ఇంకా బాగుండాది. దాన్ని పూర్తిగా తీసెయ్యలేం గానీ, అదుపులో పెట్టే మాత్రలుండాయి. మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో చూసుకుంటూ, తప్పకుండా పరీక్షకు రావాల. తాగుడు మాత్రం మానాల."

గురవమ్మ అరుగు అంచు పట్టుకుంది. "వీనికి గూడా పెట్టిందా?"

"ఎవురు పెట్టింది పెద్దమ్మా?"

"ఇంగెవురు! గోడవతలది!"

"అమ్మా" అన్నాడు శివశంకర్. "చిన్నాయనకు గూడా ఉండాదంట. నాయన్ను కన్న అవ్వకు గూడా. నిన్న చిన్నాయనే చెప్పినాడు. చిన్నమ్మకూ భువనకూ లేదంట."

"తిరుపాల్‌కా?"

"ఆ. చిన్నమ్మ సొంత మొగునికే మందు పెట్టుకుందంటావా?"

గురవమ్మ ఆర్షియా వైపు చూసింది.

"కానుపులో తల్లి నుంచి బిడ్డకు వస్తాది ఇది" అంది ఆర్షియా మెల్లగా. "వచ్చినట్టు తెలీకుండానే యాభై ఏండ్లు ఉంటాది. కొందరికి ఏం కాదు, కొందరికి కాలేయం గట్టిపడిపోతాది. రక్తంతో గూడా వస్తాది, ఒకే సూది, ఒకే కత్తి..."

గండి ఆంజనేయస్వామి దగ్గర శివశంకర్ పుట్టెంట్రుకలు తీయించిన రోజు గురవమ్మకు కళ్లముందు కదిలింది. ముందు వాళ్ల నాయన గుండు, తర్వాత చిన్నాయన గుండు, తర్వాత బిడ్డది. పాపాఘ్ని నీళ్లలో ఒకసారి ముంచి తీసిన ఒకటే కత్తి. బిడ్డ నెత్తిన గాటు పడితే స్వామికి రక్తం చూపించినట్టేనని అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"నీకు లేదు పెద్దమ్మా. శివకు ఎట్లొచ్చిందో చెప్పలేం" అంది ఆర్షియా. "కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. తిండితో రాదు పెద్దమ్మా. ఒకే కంచంలో తిన్నా రాదు."

"అబద్ధం!"

గురవమ్మ లేచింది. అటక మీది డబ్బా దించి, పసుపు గుడ్డ మూట తెచ్చి ఆర్షియా ముందు పడేసింది.

"చదువుకున్నావు కదా. దీన్ని చూసి చెప్పు. నా మొగుని కడుపులోంచి తీసింది. మందు లేకపోతే ఇదేంది?"

ఆర్షియా సంచిలోంచి చేతి తొడుగులు తీసి వేసుకుంది. ముడి గట్టిపడి ఉంటే గోటితో లాగింది. గుడ్డ విడింది. లోపల కుంకుడు కాయంత ఉండ. నల్ల ఉన్ని, మైనంతో చుట్టింది.

గురవమ్మ వంగి చూసింది. శివశంకర్ "ముట్టుకోవద్దు" అంటున్నా చెయ్యి చాచి తీసుకుంది. వేళ్ల మధ్య నలిపింది. మైనం పెళుసుగా రాలింది. ఉన్ని విడిపోయి పోగులు పోగులుగా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

మేత లేని ఏడాదుల్లో గొర్రెపిల్లలు తల్లుల ఉన్నే పీక్కుని తింటాయి. అట్లా చచ్చిన పిల్లల పొట్ట ఆమె ఎన్నిసార్లు కోసి చూసిందో. కడుపులో పడిన ఉన్ని ఎట్లుంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాయిలా గట్టిపడి, నున్నగా జిడ్డుతేలి, ఏండ్లు గడిచినా పోని పులుపు కంపు కొడుతుంది. ఇది నిన్న కత్తిరించినట్టుంది. ఇంకా గొర్రె వాసనే వస్తోంది.

ఇది ఏ కడుపులోనూ పడలేదు. సామి అరచేతిలోంచి వచ్చింది.

ఏడేండ్లలో ఒక్కసారి విప్పి ఉంటే ఒక్క చూపుతో తెలిసేది.

"వాని చెయ్యి ఇరిగిపోను" అంది గురవమ్మ. "వాని యింట్లో దీపం ఆరిపోను. వానిది ఇంకా నడస్తానే ఉండాది జమ్మలమడుగు అవతల. ఇప్పుడే పోయి వాని నోట్లో కుక్కుతా దీన్ని..."

అని, మధ్యలో ఆగిపోయింది. ఆర్షియా ముఖంలోకి చూసింది.

"పాపా. అంతగా కక్కించినారు నా మొగున్ని. దాని వల్లనేనా రక్తం?"

ఆర్షియా చేతి తొడుగులు విప్పింది.

"కాలేయం గట్టిపడితే గొంతు కింద నరాలు ఉబ్బుతాయి పెద్దమ్మా. గట్టిగా కక్కితే పగలొచ్చు. ఊరికే గూడా పగలొచ్చు."

"ఆటో ఎక్కనిచ్చింటే బతికేవాడా?"

"తెలీదు. అప్పటికే శానా ముదిరింటాది. నాకు నిజంగా తెలీదు."

గురవమ్మ నేల మీద కూలబడింది. ఏడవలేదు. శివశంకర్ పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాడు. "నాకేం కాదులేమా" అన్నాడు. ఆమె కొడుకు తల నిమిరింది. పాత గాటు మచ్చ వేలికి తగిలింది.

గోడ అవతల జీపు ఆగింది. పలకరింపులు వినిపించాయి. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. చుట్టాలొచ్చిన ఇంట్లో అంత నిశ్శబ్దం ఎందుకో గురవమ్మకు తెలుసు. అది తను పంపిన కబురే.

ఆమె లేచి ముఖం కడుక్కుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఉన్ని ఉండను పొయ్యిలో వేసింది. అది చిటపటమని కాలి కంపు కొట్టింది.

"యాడికి పోతాండావు?" శివశంకర్ అడ్డం వచ్చాడు.

"పక్కకు జరుగు."

షామియానా కింద ఆకులు వేసి ఉన్నాయి. అన్నీ వడ్డించి ఉన్నాయి. పులివెందుల వాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, ఒక్కరూ ఆకులో చెయ్యి పెట్టలేదు. "పొద్దున దోసెలు ఎక్కువైనాయప్పా" అంటున్నాడు పెండ్లికొడుకు నాయన, ఎటో చూస్తూ. తిరుపాల్ చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. భువనేశ్వరి తలుపు సందులోంచి చూస్తోంది.

గురవమ్మ కనబడగానే నాగలత చేతిలో గరిటె ఆగిపోయింది.

తిరుపాల్ ఎదురొచ్చాడు. "వదినా, ఈ పొద్దు వద్దు. నీకు దండం పెడతా."

గురవమ్మ అతన్ని దాటి పోయింది. వరస చివర ఖాళీగా ఉన్న చోట నేల మీద కూర్చుంది.

"నాగా, నాకూ ఒక ఆకు ఎయ్యి."

ఎవరూ కదల్లేదు.

"ఈయమ్మేనా కబురు పంపింది?" అన్నాడు పెండ్లికొడుకు నాయన.

"నేనేనప్పా. అబద్ధం పంపినా. నా మొగుడు కాలేయం చెడిపోయి చచ్చినాడు. ఈ యింటి కూడు తిని కాదు. నేను ఏడేండ్లు అట్ల చెప్పుకుంటా తిరిగినా."

నాగలత ఆకు తెచ్చి వేసింది. నీళ్లు చల్లింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది, ఓళిగ పెట్టి నెయ్యి పోసింది. ఆమె గురవమ్మ ముఖం వైపు ఒక్కసారీ చూడలేదు. నెయ్యి ఆకు దాటి నేల మీదికి కారింది.

గురవమ్మ ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముక్క తుంచింది. కంటి నీళ్లు ఆకులో పడుతున్నా తుడుచుకోలేదు.

పెండ్లికొడుకు నాయన కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత తన ఆకులో చెయ్యి పెట్టాడు. వరసలో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. శివశంకర్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. అతనికీ ఆకు పడింది.

అందరికీ వడ్డించడం అయ్యాక నాగలత గరిటె పక్కన పెట్టింది. నింద పడ్డప్పటి నుంచీ వంటింట్లో తలుపు వేసుకుని తినే మనిషి. గురవమ్మకు ఎదురుగా ఒక ఆకు పరుచుకుని కూర్చుంది. తలెత్తలేదు. అన్నం కలుపుకుంది.

ఇద్దరూ తిన్నారు.